అయిదో తీగ

కంప్యూటర్‌లో ఫ్యాను మార్చడం పావుగంట పని. సువార్త అయితే పది నిమిషాల్లో మార్చేసి, మిగతా అయిదు నిమిషాలూ దానికి అంత దుమ్ము పట్టించినందుకు యజమానిని తిట్టేది. గవర్నరుపేటలో ఓ కాంప్లెక్సు మెట్లకింద ఆమె కొట్టు. నాన్న పెట్టిన కొట్టు, నాన్న నేర్పిన పని. ఇరవై ఏళ్లుగా తన చేతికింద పడి బాగుపడకుండా పోయిన ఫ్యాను లేదని ఊళ్లో చెప్పుకుంటారు అనేది ఆవిడ. ఊళ్లో ఎవరు చెప్పుకున్నారో నాకు తెలీదు గానీ, ఆవిడ మాత్రం రోజూ చెప్పుకునేది. అలాంటి మనిషి ఆ గురువారం పొద్దున ఏడింటి నుంచీ ఒక్క ఫ్యాను ముందు కూర్చుని చెమటలు కక్కుతోంది. కొట్లో ఏసీ ఇరవై అయిదులో ఆడుతూనే ఉంది.

ఎందుకంటే ఆ ఫ్యాను ఆమె మొగుడిది. మొగుడి పెట్టెది అనాలి గానీ, ఈ రెండేళ్లలో మొగుడు వేరు, పెట్టె వేరు అనుకోవడం ఆమె మానేసింది.

దానియేలు ఆర్టీసీలో కండక్టరు. బందరు సర్వీసులో ఇరవై ఆరేళ్లు నిలబడి, ఒకరోజు కంకిపాడు దాటాక ఉన్నపళంగా కూలబడ్డాడు. పక్షవాతం. కాలూ చెయ్యీ కొంత తిరిగొచ్చాయి గానీ, మెదడులో ఒక ముక్క చచ్చిపోయింది. మాట వెతికి నోటికందించడం, మొహం చూడగానే ఫలానా అని చెప్పడం, నిన్నటిని ఇవాళ్టికి మోసుకురావడం, అన్నీ ఆ ముక్క చేసే పనులే. అప్పుడు డాక్టర్లు 'ఊత' పెట్టారు. ఊత అంటే బిస్కెట్ల డబ్బా అంత పెట్టె. అందులోంచి సన్నటి తీగ ఒకటి వచ్చి చెవి వెనక చర్మంలోకి పోతుంది. చచ్చిన ముక్క చెయ్యాల్సిన పనంతా ఆ పెట్టె చేస్తుంది. అది ఆడుతున్నంతసేపూ దానియేలు దానియేలే. మజ్జిగలో ఉప్పెక్కువైందని కేకలేస్తాడు, ఉయ్యూరు స్టాపులో తప్పిపోయిన గొడుగు కథ నూటొకటోసారి చెప్తాడు. ఆగిందంటే కళ్లు తెరుచుకునే ఉంటాయి, చూసే మనిషి మాత్రం లోపల ఉండడు.

ఆ పొద్దున ఆరింటికి ఫ్యాను పట్టేసింది. పెట్టె మర్యాదగా తనంతట తనే ఆగింది. లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, దాచుకున్న జ్ఞాపకాలని ఆరు గంటలు కాపాడుతుంది. ఆ తర్వాత దేవుడే దిక్కు. పెట్టె చేసిన కంపెనీ చూస్తే ఏడాది కిందటే తలుపులు మూసేసింది. ఫోన్ చేస్తే ఇప్పటికీ ఎవరో ఆడమనిషి గొంతు 'మీ కాల్ మాకు ఎంతో విలువైనది' అంటుంది.

ఊళ్లో ఉన్న ఫ్యాన్లన్నిటికీ నాలుగు చిల్లుల సాకెట్ ఉంటుంది. ఒక తీగ కరెంటు తెస్తుంది, ఒకటి తీసుకుపోతుంది, మూడోది ఎన్ని చుట్లు తిరిగిందో పెట్టెకి చెప్తుంది, నాలుగోది ఎంత జోరుగా తిరగాలో పెట్టె మాట ఫ్యానుకి తెస్తుంది. రంగు చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. ఈ పెట్టెకి మాత్రం అయిదు చిల్లులు. చిల్లుల మధ్య ఎడం వేరు, గాడి వేరు, తీగలన్నీ ఒక్కటే బూడిద రంగు. సువార్త కొత్త ఫ్యాను తీసి, దాని సాకెట్ కోసేసి, పాత ఫ్యాను సాకెట్‌ని తోకతో సహా తెచ్చి, మీటరు పట్టుకుని ఒక్కొక్క తీగనీ పలకరించుకుంటూ పోయింది. పదింటికల్లా నాలుగూ తేలాయి. టంకం వేసింది. ఫ్యాను తిరిగింది. పెట్టె మాత్రం లేవలేదు. 'ఫ్యాను లేదు' అని చిన్న తెర మీద చూపిస్తూ మొండికేసింది. కళ్లెదుట గిర్రున తిరుగుతున్న ఫ్యానుని పట్టుకుని లేదంటే ఏం చెయ్యాలి!

మిగిలింది అయిదో తీగ. పాత ఫ్యానులో అది మధ్య గుండు లోపలికెక్కడికో పోయి జిగురులో కూరుకుపోయింది. మీటరు పెట్టి చూస్తే పదివేల ఓములు. గుండ్రంగా పదివేలు.

ఆ గుండ్రటి అంకె చూడగానే సువార్తకి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటివి ఆమె వందసార్లు చూసింది. బయట సరుకు తమ మిషన్లో పెట్టనివ్వకుండా కంపెనీలు ఇలాంటి తాళాలు వేస్తుంటాయి. ప్రింటర్లో ఇంకు డబ్బాకో తాళం, ల్యాప్‌టాప్ ఛార్జరుకో తాళం. రిపేరు కొట్లలో ఇలా పెట్టెకి సంగతులు చెప్పే తీగని సాక్షి అంటారు. అసలు సాక్షి దొరక్కపోతే, పెట్టె ఏ మాట వినాలనుకుంటుందో అదే చెప్పే చిన్న రెసిస్టర్ని అక్కడ కూర్చోబెడతారు. దాని పేరు దొంగ సాక్ష్యం. అందులో తప్పేముంది? తాళం వేసినవాడిది తప్పు గానీ తీసినవాడిది తప్పా?

తెలియని తీగని చల్లగా ఉన్నప్పుడోసారి, వేడి చేసి ఒకసారి అడగాలని వాళ్ల నాన్న చెప్పేవాడు. అది గుర్తురాక కాదు. గడియారం చూసింది, పదకొండూ ఇరవై. వేడి చేసి చూడ్డం రెండు నిమిషాల పని. చెయ్యలేదు. సొరుగులోంచి పదివేల రెసిస్టర్ ఒకటి తీసి అయిదో చిల్లులో పెట్టి టేపు చుట్టింది. పెట్టె లేచింది. బల్లమీద తలపెట్టి సువార్త కాసేపు ఏడ్చింది.

సింగ్‌నగర్‌లో ఇంటికొచ్చి తీగ తగిలించగానే దానియేలు రెప్పలార్పాడు. మంచం పక్కన వాళ్లక్క కరుణమ్మ ప్రార్థన చేసుకుంటూ కూర్చుని ఉంది. మొగుడు పోయినప్పటి నుంచీ ఆవిడ వీళ్లతోనే ఉంటోంది. తమ్ముడు అక్కని చూశాడు, పెళ్లాన్ని చూశాడు, గోడమీద గడియారం చూశాడు.

"ఏమే, పన్నెండవుతోంది. ఇంతదాకా కాఫీ లేదా?" అన్నాడు.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నోట అంత చక్కటి మాట ఆమె ఎన్నడూ వినలేదు.

నిజానికి అదే ఆమె బాధ కూడా. బస్సెక్కిన ప్రతి ముసలమ్మనీ అమ్మా, తల్లీ అని చెయ్యిచ్చి కూర్చోబెట్టిన మనిషి, కట్టుకున్నదాన్ని మాత్రం ఏమే అనడం తప్ప పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. కూర బాగుంటే మాట్లాడకుండా తింటాడు, బాగాలేకపోతే ఊరంతా వినబడేలా చెప్తాడు. నా మొగుడికి బందరు రోడ్డులో ప్రతి స్టాపూ తలలో ఉంటుంది, నేను మాత్రం అన్నంవేళకి గుర్తొస్తాను అని సువార్త కరుణమ్మతో అంటూ ఉండేది. అప్పుడు కరుణమ్మ, మా నాన్నా అంతేనే, వాళ్లది ఆ జాతి అని సర్దిచెప్పేది.

కొత్త ఫ్యాను మహా నెమ్మదైనది. పాతది మధ్యాహ్నమయ్యేసరికి మిక్సీలా అరిచేది, దాని గోల పడలేక కరుణమ్మ వసారాలో పడుకునేది. ఇప్పుడు చెవి ఆనించి వింటే తప్ప పెట్టె ఆడుతున్నట్టే తెలియదు. సువార్త గొప్పలు పోయింది. కంపెనీవాడికి చేతగానిది నేను చేశానని పక్కవాటా వాళ్లని పిలిచి మరీ చూపించింది.

మే చివరికొచ్చేసరికి రోహిణి కార్తె వచ్చిపడింది. రోళ్లు పగిలే ఎండలన్నారు గానీ బెజవాడలో రోళ్లే కాదు, మనిషి ఓర్పు కూడా పగులుతుంది. నలభై ఆరు, నలభై ఏడు. ఇంట్లో కూలరు వేడిగాలే తిప్పితిప్పి కొడుతోంది.

ఆ ఎండల మొదటి వారంలో ఒకనాడు దానియేలు ఆమెని "సువార్తా" అని పిలిచాడు. వంటింట్లో గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. ఇన్నాళ్లకి మీ తమ్ముడికి బుద్ధొచ్చింది వదినా అని మురిసిపోయింది. తర్వాత వారం కూరలకి వంకలు పెట్టడం మానేశాడు. వంకాయ మాడినా తిని, బాగుందమ్మా అన్నాడు. అమ్మా అనడం కొంచెం చిత్రంగా తోచింది గానీ, చావు అంచుదాకా పోయొచ్చిన మనిషి మెత్తబడ్డాడనుకుంది. మనకి కావలసిన మాట ఎదురైతే దాన్ని అనుమానించం కదా.

మూడో వారం ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి కొట్టు నుంచి ఇంటికొచ్చింది. మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్న దానియేలు గబగబా కాళ్లు ముడుచుకుని, లుంగీ సర్దుకున్నాడు.

"రండి, కూర్చోండి. ఎండన పడొచ్చినట్టున్నారు" అన్నాడు.

వేళాకోళమనుకుంది. అలాగేనండీ కండక్టరు గారూ అంటూ ముసిముసిగా నవ్వి కుర్చీ లాక్కుంది. ఆయన కూడా నవ్వాడు. వచ్చినవాళ్లు నవ్వితే ఇంటివాళ్లు మర్యాదకి నవ్వే నవ్వది.

"మీకు ఎవరు కావాలండీ? మా అక్క లోపలుంది, పిలవనా?"

సువార్త నవ్వు ఆగిపోయింది. ఆయన కళ్లలోకి చూసింది. ఎక్కడా కొంటెతనం లేదు. లేచి వెళ్లి పెట్టె మీద చెయ్యి వేసింది. అట్లపెనం మీద వేసినట్టయి చెయ్యి వెనక్కి లాక్కుంది. లోపల ఫ్యాను మాత్రం మాఘమాసంలో తిరిగినట్టు తీరిగ్గా తిరుగుతోంది.

పెట్టె ఆపి, దాన్ని తువ్వాలులో చుట్టి చంకనబెట్టుకుని కొట్టుకి పరుగెత్తింది. చెత్తబుట్టలో పడెయ్యకుండా ఉంచిన పాత ఫ్యానుని బల్లమీద పెట్టి, అయిదో తీగకి మీటరు తగిలించి, గుండు దగ్గర టంకం కడ్డీ వేడి చూపించింది. పదివేలు ఎనిమిదివేలయ్యాయి. అయిదయ్యాయి. మూడయ్యాయి. అది తాళం కాదు. పెట్టెకి ఒళ్లెంత కాలుతోందో చెప్పే తీగ. ఏసీ గదిలో ఆ పొద్దున అది చెప్పిన ఒక్క అంకెని పట్టుకుని, ఇక జీవితాంతం నువ్వు అదే చెప్పమని ఆమె అక్కడో దొంగ సాక్షిని కూర్చోబెట్టింది. నలభై ఏడు డిగ్రీల ఎండలో పెట్టె లోపల ఉడికిపోతుంటే, నాకు చల్లగానే ఉందిలే అనుకుని అది ఫ్యానుని మెల్లిగా తిప్పుకుంటూ కూర్చుంది.

గుండు పగలగొట్టి అసలు సాక్షిని బయటికి తీసి, కొత్త ఫ్యాను పక్కన జిగురుతో అతికించి, రెసిస్టర్ పీకి పారేసింది. పెట్టె లేవగానే ఫ్యాను గొంతు చించుకుని అరిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా, కనీసం పట్టుకుంది. కానీ ఇంటికి తెచ్చి తగిలించాక దానియేలు రెప్పలార్పి, ఆమెని చూసి, "నమస్కారమండీ" అన్నాడు.

కంపెనీలో పనిచేసిన ఇంజనీరు ఫణీంద్ర నంబరు పట్టుకోవడానికి నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు హైదరాబాదులో ఏదో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాడు. సువార్త ఏదీ దాచకుండా చెప్పింది, రెసిస్టర్ సంగతితో సహా.

"ఆయనకి ఇంకేం గుర్తున్నాయండీ?" అని అడిగాడు ఫణీంద్ర.

"అన్నీ ఉన్నాయి సార్. అక్క, చిన్నప్పటి బడి, బందరు రోడ్డు స్టాపులన్నీ వరసగా. నేనొక్కదాన్నే లేను. పెళ్లయిన సంగతే లేదు."

ఫణీంద్ర మెల్లిగా చెప్పాడు. మనిషి దేన్ని ఎన్నిసార్లు తలుచుకుంటున్నాడో ఊత లెక్కపెడుతుందట. అరుదుగా తలుచుకునేవాటిని దూరంగా అంచుల్లో సర్దుతుంది. ఎక్కువసార్లు తలుచుకునేవాటిని, చప్పున అందేలా, మధ్యలో ప్రాసెసర్‌కి ఆనుకుని ఉన్న గదుల్లో పెడుతుంది. వేడి పుట్టేదీ అక్కడే.

"అంటే స్టాపులు..."

"అంచుల్లో ఉండుంటాయండీ. అందుకే మిగిలాయి. కాలిపోయింది మధ్యగది. అందులో ఏముండేదో మీరే చెప్పారు కదా."

సువార్త ఫోను రెండో చెవికి మార్చుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె వినాలనుకున్న మాట అది. కట్టుకున్నవాడు చెప్పలేదు. ముక్కూమొహం తెలియని ఇంజనీరు, ఫోనులో, అంతా అయిపోయాక చెప్పాడు.

పోనీ మళ్లీ మొదట్నుంచీ పరిచయం చేసుకుంటానంది. ఫొటోలు చూపిస్తాను, రోజూ చెప్తాను, నేర్చుకుంటాడు. ఫణీంద్ర కంగారుపడ్డాడు. అంతపని చెయ్యొద్దన్నాడు. మధ్యగది కాలిపోయిందని పెట్టెకి తెలియదు. ఆయన మిమ్మల్ని తెలుసుకుని, రోజుకి పాతికసార్లు తలుచుకోవడం మొదలుపెడితే, అలవాటు ప్రకారం మిమ్మల్ని తీసుకెళ్లి ఆ గదిలోనే పెడుతుంది. మరుక్షణం వెతికితే దొరకరు. దొరకనిదాని కోసం పెట్టె వెతుకుతూనే ఉంటుంది, వెతికి వెతికి ఆగిపోతుంది. ఈసారి ఆగితే లేవదండీ అన్నాడు. ఆ గదికి అడ్డం పెట్టే సాధనమేదో కంపెనీలో ఉండేదట. కంపెనీతోపాటే అదీ పోయింది.

"ఏదీ ఆయన మనసుకి మరీ దగ్గర కాకుండా చూసుకోండి. అంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. క్షమించండి."

ఆ సాయంత్రం సువార్త కరుణమ్మని పెరట్లోకి తీసుకెళ్లి, నా చేతులతో నేనే చేశాను వదినా అని మొత్తం చెప్పింది. తిడుతుందనుకుంది, కొడుతుందేమోనని కూడా అనుకుంది. కరుణమ్మ తిట్టలేదు. "పుట్టినప్పటి నుంచీ ఎత్తుకు తిరిగిన నేను వాడికి గుర్తున్నానంటే, అంత దూరాన ఉన్నానన్నమాట" అంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, ఏం చెయ్యాలో చెప్పమంది.

గోడమీద పెళ్లిఫొటో ట్రంకులోకి పోయింది. సువార్త బట్టలు వంటింటి వెనక గదిలోకి పోయాయి. అన్నం కరుణమ్మే పెట్టేది, మందులు కరుణమ్మే ఇచ్చేది. వండేది మాత్రం సువార్త. ఆయన ముందుగదిలో ఉంటే ఈమె వెనక గుమ్మంలోంచి వచ్చేది, వెనక గుమ్మంలోంచి పోయేది. తన ఇంట్లో తనే దొంగలా తిరిగింది. శనివారం శనివారం మాత్రం పది నిమిషాలు ముందు గుమ్మంలోంచి వచ్చి, పెట్టె బాగుచేసే ఆవిడనని చెప్పుకుని, దుమ్ము దులిపి, సాక్షిని మీటరుతో చూసి వెళ్లేది. ఆ పది నిమిషాలైనా తన కోసం తను ఉంచుకుంది. మనిషి కదా.

అదే పొరపాటైంది. మూడో శనివారం తర్వాత ఒక మంగళవారం కరుణమ్మ వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించి చెప్పింది: ఆ పెట్టె ఆవిడ ఎప్పుడొస్తుందక్కా అని పొద్దున్నుంచీ ఏడుసార్లు అడిగాడే. బుధవారం తొమ్మిదిసార్లు అడిగాడు. శుక్రవారానికి కరుణమ్మ వేళ్లు చాలలేదు. గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా కావాలన్నాడట.

ఆ రాత్రి సువార్తకి నిద్రలేదు. నిజం చెప్పాలంటే, ముందు ఆమెకి కలిగింది భయం కాదు, సంతోషం. ఏమీ తెలియని మనిషి మళ్లీ తనకోసమే ఎదురుచూస్తున్నాడని ఒళ్లంతా పొంగిపోయింది. ఆ పొంగు మీదే ఫణీంద్ర మాట వచ్చిపడింది. ఇక ఆమె మనసులో పెట్టెలోపలి దారినే చూస్తూ కూర్చుంది. అంచు నుంచి తనొక్కో గదీ దాటి మధ్యకి నడిచిపోతున్నట్టే అనిపించింది.

శనివారం వెళ్లింది. దానియేలు ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె పెట్టె మూత బిగించి, మొహం గట్టిగా పెట్టుకుని, పని అయిపోయిందని, ఇక రానని చెప్పింది.

"నావల్ల ఏమైనా తప్పు జరిగిందా అండీ?"

"ఏం లేదండీ. పెట్టె బాగుంది. ఇక నాతో పనిలేదు."

"పెట్టె బాగున్నా రావచ్చు కదండీ. మీరొచ్చిపోతుంటే ఇల్లు ఇల్లులా ఉంటోంది." అని, సిగ్గుపడుతూ మళ్లీ అన్నాడు, "మిమ్మల్ని ఎక్కడో చూశానని రోజూ అనుకుంటాను. ఎక్కడో తట్టడం లేదు."

సువార్త మీటరు సంచిలో పెట్టుకుంటూ ఆయన వైపు చూడకుండా చెప్పింది:

"అలా అనకండి. మా ఆయన ఒప్పుకోరు."

దానియేలు మొహం పాలిపోయింది. ఇరవై ఆరేళ్లు ఆడవాళ్లకి సీట్లు ఇప్పించిన పెద్దమనిషి. చప్పున లేచి నిలబడబోయి, కాలు సహకరించక, కూర్చునే రెండు చేతులూ జోడించాడు. అయ్యో తప్పండీ, నాకు ఆ ఉద్దేశం లేదు, మీరు సంసారులు, క్షమించాలి, మీ ఆయన గారికి కూడా నా నమస్కారాలు చెప్పండి అని గబగబా అన్నాడు. అలాగే చెప్తానంది. ముందు గుమ్మంలోంచి వీధిలోకి వెళ్లి, సందు చుట్టూ తిరిగి, పెరటి తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చింది.

ఆదివారం ఆయన నాలుగుసార్లు అడిగాడు. అడగడం కాదు, ఆవిడ ఏమైనా నొచ్చుకుందేమోనక్కా అన్నాడు. సోమవారం రెండుసార్లు. మంగళవారం ఒకసారి, అదీ సగంలో ఆపేసి, పులుసులో బెల్లం ఎక్కువైందన్నాడు.

బుధవారం చీకటిపడేదాకా సువార్త వంటింటి తలుపుకి చెవి ఆనించి కూర్చుంది. ముందుగదిలో ఫ్యాను అరుస్తోంది, ఆయన అక్కకి ఉయ్యూరు గొడుగు కథ చెప్తున్నాడు. కథ అయిపోయింది, భోజనం అయిపోయింది, పక్క వేశారు. కరుణమ్మ లోపలికొచ్చి, ఇవాళ ఒక్కసారి కూడా అడగలేదే అని చెప్పింది.

దేవుడికి స్తోత్రం అంది సువార్త. ఆ మాట అని, ముందుగదికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.